ఒక్క మెతుకు చాలా? నాలుగు చూసి అన్నిటికీ చెప్పే మాట ఎక్కడ నిలుస్తుంది, ఎక్కడ కూలుతుంది

మహేంద్రతనయ

ఒడిశాలో మన గజపతి, గంజాం, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో చాలా పనులు "ఇక్కడ అంతే" అన్న ఒక్క మాట మీద నడిచిపోతున్నాయి. ఇక్కడి నేల పులుపు. ఇక్కడి జీడిపిక్క నాసి. ఇక్కడి తెలుగువాళ్ళంతా వ్యాపారులు. కొండ మీద భాషలన్నీ ఒక్కటే. వీటిలో కొన్ని నిజంగా పనికొచ్చేవి, కొన్ని రైతు జేబుకు చిల్లు పెట్టేవి. పైకి మాత్రం అన్నీ ఒకేలా వినిపిస్తాయి.

అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి కుండంతా పిసకం, ఒక్క మెతుకు పట్టి చూస్తాం. ఆ పద్ధతే లేకపోతే ఏ పనీ తెమలదు. నేను అడిగేది ఒక్కటే: ఏ కుండలో తీసిన మెతుకు ఏ కుండకు చెల్లుతుంది? మట్టి, పిక్కలు, వానలు, భాషలు, జ్వరాలు, లెక్కలు, ఎవరికి ఏది చేతిలో పని అయితే దాన్ని పట్టి రాయండి. కొలతలు, పద్ధతి, ఎక్కడ తప్పుతుంది, ఎందుకు తప్పుతుంది, ఇవి కావాలి. అనుభవాల కథలు ఈసారి వద్దు.

పిక్కలబస్తా

జీడి దగ్గర మొదలుపెడతాను. పలాస వైపు వెళ్ళే సరుకుకు ధర కట్టేది ఈ ఒక్క మెతుకు పద్ధతిలోనే. మన వైపు బస్తా అంటే 80 కిలోలు. కోత పరీక్ష ఇలా చేస్తారు.

బస్తాల్లో పదింట ఒకటి చొప్పున ఎంచాలి. ఎంచిన ప్రతి బస్తాలో పైన, నడుమ, అడుగున, మూడు చోట్ల ఇనుప గొట్టం గుచ్చి పిక్కలు తీయాలి. తీసినవన్నీ టార్పాలిన్ మీద పోసి బాగా కలిపి, కుప్పను నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు భాగాలు తీసేయాలి. మిగిలినదాన్ని మళ్ళీ కలిపి మళ్ళీ అదే పని. 1 కిలో మిగిలేదాకా ఇలా చేసి, ముందు పిక్కలు లెక్కపెట్టాలి. తర్వాత ఒక్కొక్కదాన్నీ నిలువుగా కోసి మూడు కుప్పలు వేయాలి: మంచి గుళ్ళు (లోపలి పప్పు), మచ్చ పడినవీ ముడుచుకున్నవీ, కుళ్ళినవీ డొల్లవీ. మంచి గుళ్ళ బరువు పూర్తిగా, రెండో కుప్ప బరువు సగం లెక్కలోకి వస్తాయి. మూడోది సున్నా.

ఉదాహరణకు మంచివి 255 గ్రాములు, మచ్చవి 30 గ్రాములు అనుకోండి. 255కు 15 కలిపితే 270. దాన్ని 80తో హెచ్చవేస్తే బస్తాకు 21 కిలోల 600 గ్రాముల పప్పు. పౌన్లలో చెప్పుకునేవాళ్ళకు 47.6.

తప్పు ఎక్కడ జరుగుతుందంటే బస్తా మూతి దగ్గర. లారీలో కుదుపుకు పెద్ద పిక్కలు పైకి, చిన్నవీ మట్టీ అడుగుకు చేరతాయి. మూతి విప్పి రెండు గుప్పెళ్ళు తీసి "సరుకు బ్రహ్మాండం" అనేవాడు పై పొరకే ధర కడుతున్నాడు. రెండో తప్పు తడి. సరిగా ఎండని పిక్కలో పప్పు బరువు తూగుతుంది, లెక్క పెద్దగా వస్తుంది, గోదాములో ఆరాక తరుగు తేలుతుంది.

ఇక "గంజాం పిక్క నాసి" అన్న మాట. జిల్లా పేరుకు పప్పు బరువుకు సంబంధం లేదు. అంటు మొక్కల తోటా, గింజ మొక్కల తోటా? రాలిన పిక్కను ఎన్ని రోజులకు ఏరారు? వాన పడక ముందా, పడ్డాకా? ఎన్ని ఎండలు చూపించారు? ఈ నాలుగూ మార్చితే ఒకే తోట పిక్క రెండు ధరలు పలుకుతుంది. సీజను చివర వానకు తడిసిన ఒక లోడు చూసి జిల్లా మొత్తానికి పేరు పెట్టడం అన్యాయం. ఆ పేరు వల్ల మార్చిలో మంచి సరుకు తెచ్చిన రైతు కూడా నష్టపోతున్నాడు.

తర్కపాఠి

మహేంద్రతనయ గారూ, మీరన్న మెతుకు సంగతికి మన శాస్త్రాల్లో పేరుంది, స్థాలీపులాక న్యాయం. ఆ మెతుకు ఎందుకు నమ్మదగినదో గమనించండి. ఒకే రకం బియ్యం, ఒకే ఎసరు, ఒకే మంట, నడుమ గరిటెతో కలిపారు. ఈ నాలుగూ ఉన్నాయి కాబట్టే ఒక్కటి మిగతా అన్నిటికీ సాక్ష్యం చెబుతుంది. పాత బియ్యంలో కొత్త బియ్యం కలిసిపోయి ఉంటే, పట్టి చూసిన మెతుకు ఉడికినా పక్కది పలుకుగా ఉంటుంది. పిక్కలబస్తా గారు టార్పాలిన్ మీద కలిపేదీ, నాలుగు భాగాలు చేసేదీ ఆ గరిటె పనే.

తర్కంలో ఇంకో పనిముట్టు ఉంది. "ఎక్కడ పొగ ఉందో అక్కడ నిప్పు ఉంది" అన్నది నిలిచే నియమం, దీన్ని వ్యాప్తి అంటారు. తిరగేసి "ఎక్కడ నిప్పు ఉందో అక్కడ పొగ ఉంది" అంటే నిలవదు. ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పు ఉంది, పొగ లేదు. మరి వంటింట్లో పొగ ఎందుకు వచ్చింది? కట్టెలు తడిగా ఉన్నాయి కాబట్టి. ఆ తడి కట్టెనే ఉపాధి అంటారు. అంటే నియమం లోపల చెప్పకుండా దాక్కున్న షరతు.

నా ఉద్దేశంలో "ఇక్కడ అంతే" అన్న మాట విన్న ప్రతిసారీ రెండు పనులు చేస్తే చాలు. తిరగేసి చూడాలి. తర్వాత తడి కట్టె ఎక్కడుందో వెతకాలి. వందసార్లు కలిసి కనిపించాయన్నంత మాత్రాన సరిపోదు. వందసార్లూ కట్టెలు తడివే అయి ఉండవచ్చు.

ఝోలా_మడి

తర్కపాఠి గారి తడి కట్టెను మట్టిలో చూపిస్తాను. "కోరాపుట్, రాయగడ కొండ నేలలు ఆమ్ల నేలలు, సున్నం వేయాలి." పెద్ద ఎత్తున చూస్తే ఇది సరైన మాటే. మెట్టమీద ఎర్ర నేలలో ఎన్నో ఏళ్ళుగా వానలు కాల్షియాన్నీ మెగ్నీషియాన్నీ కడిగేస్తున్నాయి. నేల ఎర్రగా ఉందనో, కొండ మీద ఉందనో పులుపు రాలేదు. కాల్షియం కొట్టుకుపోయి వచ్చింది. దాక్కున్న షరతు అదే. కాబట్టి సున్నపురాయి మీద ఏర్పడ్డ నేలకు ఈ నియమం పట్టదు. మన గుప్తేశ్వరం గుహలు సున్నపురాయి గుహలే కదా, ఆ చుట్టుపక్కల పరీక్ష చేయించకుండా సున్నం బస్తాలు దింపకూడదు.

ఇంతకంటే పెద్ద పొరపాటు ఝోలా మడులతో జరుగుతోంది. గెడ్డ పల్లంలో మెట్లు మెట్లుగా కట్టిన వరి మడులు ఇవి. నీళ్ళు నిలిచిన కొన్ని వారాలకు ఆమ్ల నేల కూడా తటస్థం వైపు, పీహెచ్ (నేల పులుపు కొలత, 7 అయితే తటస్థం, తగ్గేకొద్దీ పులుపు) 6.5 నుంచి 7 దాకా జరుగుతుంది. అక్కడ సున్నం పెట్టుబడి దాదాపు వృథా. అక్కడ అసలు బెడద ఇనుము. పై ఎర్ర నేలల నుంచి ఊట దిగే మడిలో ఆకుల మీద తుప్పు చుక్కలు వచ్చి వరి గిడసబారిపోతుంది. దానికి పని మురుగు తీయడం, పొటాషు సరిచూడడం. పైన మెట్టలో రాగికీ మొక్కజొన్నకూ మాత్రం సున్నం కావాలి. ఒకే రైతు, ఒకే సర్వే నెంబరు, 50 గజాల దూరంలో రెండు వైద్యాలు.

మట్టి నమూనాకు పద్ధతి: ఒకేలా కనిపించే ఒక నేల చెక్కకు ఒక నమూనా. అందులో అడ్డదిడ్డంగా నడుస్తూ 8 నుంచి 10 చోట్ల ఎంచుకోండి. పైన గడ్డీ చెత్తా తీసేసి, 15 సెంటీమీటర్ల లోతున ఆంగ్ల అక్షరం 'వీ' ఆకారంలో గుంట తీసి, ఒక గోడ వెంట పైనుంచి కిందికి రెండు సెంటీమీటర్ల మందాన మట్టి చెక్కండి. అన్నీ కలిపి నాలుగు భాగాల పద్ధతిలో అర కిలోకు తెండి. నీడలో ఆరబెట్టండి. గట్టు దగ్గర, చెట్టు కింద, పెంటకుప్ప వేసిన చోట, కాలువ పక్కన తీయొద్దు. ఎరువు సంచిలో అస్సలు కట్టొద్దు, సంచిలో మిగిలిన గింజలే పరీక్షలో తేలతాయి.

మెట్ట మట్టీ ఝోలా మట్టీ ఒకే సంచిలో కలిపి పంపితే వచ్చే మట్టి పరీక్ష కార్డు ఏ మడిదీ కాదు. మెట్ట 5.2, పల్లం 6.4 అయితే నడుమ ఎక్కడో ఒక సంఖ్య వస్తుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. దాన్ని పట్టుకుని సున్నం వేస్తే మెట్టకు చాలదు, పల్లానికి అక్కర్లేదు. ఇంకో సంగతి, ఈ కొలతలో ఒక అంకె తేడా అంటే ఆమ్లం పది రెట్లు. కూడి రెండుతో భాగించే కొలత కాదు ఇది.

మహేంద్రతనయ

అంటే కలపడం పిక్కల దగ్గర మంచిది, ఇక్కడ చెడ్డది?

ఝోలా_మడి

ఒకే కుండలో కలపడం మంచిది. రెండు కుండలు కలపడం చెడ్డది. కుండ గీత ఎక్కడ గీయాలో తెలియడమే ఈ పనిలో అసలు చదువు. నీళ్ళు నిలుస్తాయా, వాలు ఎటు, పోయిన ఏడాది ఏ పంట, ఈ మూడిట్లో ఏది మారినా గీత గీసేయండి.

గోపాలపురం_రేవు

తుపానుల సంగతి. ఫైలిన్ 2013 అక్టోబరు 12న గంజాం తీరంలోని గోపాలపురం దగ్గర తీరం దాటింది. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న విశాఖపట్నంలో. తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస దగ్గర. ఈ మూడూ చూసి "దసరా రోజుల్లో 11, 12 తేదీలు గండం" అని పాతుకుపోయిన ఊళ్ళున్నాయి. తేదీ కలవడం కాకతాళీయం, కాకి వాలడం, తాటిపండు పడడం. 1999లో గోపాలపురం తుపాను అక్టోబరు 17న వచ్చింది, పారాదీప్‌ను ముంచిన పెనుతుపాను 29న వచ్చింది. ఫొనీ 2019 మే 3న పూరీ దగ్గర దాటింది.

నెల విషయంలో మాత్రం కారణం ఉంది. బంగాళాఖాతంలో బలమైన తుపానులకు రెండు కాలాలు, వర్షాకాలానికి ముందు ఏప్రిల్, మే, తర్వాత అక్టోబరు, నవంబరు, కొంత డిసెంబరు. నడుమ నాలుగు నెలల్లో పై గాలులకూ కింది గాలులకూ వేగంలో తేడా ఎక్కువై, సుడి నిలువుగా ఎదగలేక చెదిరిపోతుంది. అందుకే ఆ నెలల్లో వాయుగుండాలు వస్తాయి, పెనుతుపానులు అరుదు. కారణం తెలిసిన నియమాన్ని పట్టుకుని సరుకు, కిరోసిను, టార్పాలిన్లు ఏప్రిల్ మొదటికీ అక్టోబరు మొదటికీ సిద్ధం చేసుకోవచ్చు. కారణం లేని తేదీ పట్టుకుంటే 13న మనిషి నిబ్బరంగా నిద్రపోతాడు.

ప్రాణాల మీదికి తెచ్చిన మాట ఇంకోటి, "తుపాను తీరంవాళ్ళ గోల, కొండకు రాదు." ఇది గాలి గురించి నిజం. నేల మీదికి వచ్చాక గాలి బలం తగ్గుతుంది. వాన గురించి అబద్ధం. తడిగాలి తూర్పు కనుమల వాలు ఎక్కేటప్పుడు ఇంకా కురుస్తుంది. తిత్లీ అప్పుడు గజపతి జిల్లాలో కొండచరియ విరిగిపడి మనుషులు పోయారు. తీరంలో గాలికి సరిపోయే ఏర్పాటు కొండ వాలులో వానకు సరిపోదు. హెచ్చరికలో గాలి వేగం ఒక్కటే వినకండి, వాన అంకె కూడా వినండి. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ, 115.6 దాటితే అతి భారీ, 204.5 నుంచి అత్యంత భారీ. అతి భారీ అన్న మాట వినబడితే వాలు కింద ఇళ్ళవాళ్ళు గెడ్డ ఒడ్డున ఉన్న బడిలోకి కాదు, ఎత్తైన చదును మీదికి వెళ్ళాలి.

నాలుగుబాసలు

"కొండ మీద భాషలన్నీ ఒక్కటే" అన్నదానికి జవాబు. పర్లాకిమిడిలో పనిచేస్తూ గిడుగు రామమూర్తి గారు నేర్చుకున్న సవర భాష ముండా కుటుంబానిది, తెలుగుకు చుట్టం కాదు. రాయగడ, కోరాపుట్‌లలో కోందులు మాట్లాడే కువి, ఇటు గంజాం, కంధమాల్ వైపు కుయి ద్రావిడ భాషలు, తెలుగుకు దాయాదులు. సంతలో అందరూ కలిసి మాట్లాడే దేశియా ఒడియాకు చెందినది. మూడు కుటుంబాలు ఒకే సంతలో కూరగాయలు కొనుక్కుంటాయి.

దీనికంటే లోతైన ఉదాహరణ గదబలు. పేరు ఒక్కటే. వాళ్ళలో కొందరి భాష గుతోబ్, ముండా. కొందరి భాష ఒల్లారి, ద్రావిడం. "గదబ భాషలో వాచకం తెచ్చాం" అని తీసుకెళ్తే కొన్ని ఊళ్ళలో పిల్లలకు ఒక్క ముక్క అర్థం కాదు. ఇక్కడ కుండ గీత పేరు దగ్గర గీశారు, భాష దగ్గర గీయాల్సింది.

ఏ ఊళ్ళో ఏ భాషో తేల్చుకోవడానికి సంత మాటలు, అంకెలు, బట్టల పేర్లు అడగకండి. అవి అరువు మాటలు, ఊరూరా కలుస్తాయి, అందుకే "అన్నీ ఒకటే" అనిపిస్తుంది. ఒంటి భాగాలు, నీళ్ళు, నిప్పు, నేను, నువ్వు, రా, పో, తిను, ఇలాంటివి ఒక 100 మాటలు రాసుకుని, ఇద్దరు పెద్దవాళ్ళను, ముఖ్యంగా బయటి ఊళ్ళలో పనిచేయని ఆడవాళ్ళను, వేర్వేరుగా అడగండి. కుయిలో కంటికి "కను" అంటారు. అలాంటి దగ్గరి మాటలు వరసగా పడితే ద్రావిడం వైపు. నాలుగైదు కలిస్తే మాత్రం తొందరపడొద్దు, పక్క ఊరి నుంచి వచ్చిన కోడళ్ళు కూడా మాటలు తెస్తారు.

లెక్కలపలక

ఎన్ని చూస్తే చాలు అన్నదానికి రెండు లెక్కలు చెబుతాను, ఇవి ఎక్కడికైనా పనికొస్తాయి.

ఒకటి. చూసినవాటిలో ఒక్కటి కూడా చెడ్డది దొరకలేదనుకోండి. 3ని చూసిన సంఖ్యతో భాగించండి. 30 విత్తనాలు మొలకేస్తే 30కి 30 వచ్చాయి, అయినా మొత్తం సరుకులో చెడ్డవి నూటికి 10 దాకా ఉండవచ్చు. 100 చూసి ఒక్కటీ చెడకపోతే నూటికి 3 దాకా. 300 చూస్తే నూటికి 1 దాకా. ఈ మాట నూటికి 95 సార్లు నిలుస్తుంది. పది చూసి "అన్నీ మంచివే" అనేవాళ్ళు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి. అంత తక్కువ సంఖ్యకు ఈ లెక్క కాస్త ఎక్కువ చూపిస్తుంది, అయినా చెడు నాలుగో వంతు దాకా ఉన్నా కనబడకుండా దాక్కోగలదు.

రెండు. వరి విత్తనానికి మొలక కనీసం నూటికి 80 ఉండాలని ధ్రువీకరణ ప్రమాణం. మీరు 100 గింజలు వేస్తే 80 మొలిచాయి. అసలు సంగతి 72 నుంచి 88 దాకా ఎక్కడైనా ఉండవచ్చు. 400 గింజలు వేస్తే 76 నుంచి 84. పొరపాటు సగం కావాలంటే సంఖ్య నాలుగింతలు కావాలి. ప్రయోగశాలలు నూరేసి గింజలతో నాలుగు వరసలు పెట్టేది ఇందుకే. ఇంట్లో కూడా తడి గోనెపట్టాలో నాలుగు మడతలు వేసి చేయవచ్చు. నాలుగు వరసల్లో ఒకటి మిగతావాటికి బాగా దూరంగా ఉంటే సగటు తీయకండి, కారణం వెతకండి. బహుశా ఆ మడత ఆరిపోయి ఉంటుంది.

ఇంకో హెచ్చరిక, ఇది చాలామంది మరిచేది. ఒకే బస్తాలోంచి 400 గింజలు తీస్తే ఆ బస్తా సంగతే తెలిసింది. ఒక్క ఊళ్ళో 20 ఇళ్ళు తిరగడం కంటే 20 ఊళ్ళలో ఊరికొక ఇల్లు చొప్పున తిరిగితే బ్లాకు సంగతి బాగా తెలుస్తుంది. ఒక ఊరివాళ్ళు ఒకే బావి నీళ్ళు, ఒకే దుకాణం విత్తనం వాడతారు. 20 మంది అన్నా అది 20 సాక్ష్యాల విలువ చేయదు.

సన్నసూది

మీరంతా తప్పుల మీదే పడ్డారు, నేను నియమం పక్షాన మాట్లాడతాను. మలేరియా ఉన్న మన జిల్లాల్లో "జ్వరం అంటే ముందు మలేరియా అనుకో" అన్నది ఊహించుకున్న సాధారణ సూత్రమే. అది ఎన్నో ప్రాణాలు కాపాడింది. ఎందుకంటే ఆ సూత్రం మందు మింగమనడం లేదు, వేలు గుచ్చి పరీక్ష చేయమంటోంది. తప్పయితే పోయేది ఒక పరీక్ష పట్టీ. ఒప్పయితే మెదడుకు ఎక్కే మలేరియా ఒక రోజు ముందే దొరికింది.

అదే సూత్రాన్ని పరీక్ష లేకుండా "జ్వరం అంటే మలేరియానే" అని మారిస్తే ప్రమాదం. టైఫాయిడ్, డెంగీ, స్క్రబ్ టైఫస్ దాని చాటున దాక్కుంటాయి. మలేరియాలోనూ ఫాల్సిపేరం, వైవాక్స్ అనే రకాలను బట్టి మందు మారుతుంది: ఫాల్సిపేరానికి ఆర్టిమిసినిన్ కలిసిన మూడు రోజుల మందు, వైవాక్స్‌కు మూడు రోజులు క్లోరోక్విన్, 14 రోజులు ప్రైమాక్విన్. గర్భిణులకూ ఏడాది లోపు పసిపిల్లలకూ ప్రైమాక్విన్ ఇవ్వరు, జీ6పీడీ (రక్తకణాలను కాపాడే ఒక ఎంజైము) లోపం ఉన్నవాళ్ళలో అది రక్తకణాలు పగలగొడుతుంది. పరీక్ష పట్టీని కూడా గుడ్డిగా నమ్మకండి. ఫాల్సిపేరం పట్టీ మందు వాడి నయమయ్యాక కూడా కొన్ని వారాలు గీత చూపించగలదు. రెండు వారాల క్రితం కోర్సు పూర్తయినవాళ్ళకు మళ్ళీ జ్వరం వస్తే గాజు పలక మీద రక్తం పూసి సూక్ష్మదర్శినిలో చూడాలి.

అందుకే నేను సూత్రాన్ని ఇలా తూస్తాను: ఇది నన్ను తర్వాతి పరీక్షకు పంపుతోందా, పరీక్ష మానేయమంటోందా?

నాలుగుబాసలు

మనుషుల గురించి ఒక్కటి మిగిలింది, అది వదలకూడదు. "ఒడిశా తెలుగువాళ్ళంతా వ్యాపారులు" అన్నది బరంపురం పెద్ద బజారులో నిలబడి తీసిన మెతుకు. గోపాలపురం నుంచి తీరం వెంట నోలియా పల్లెల్లో వేట చేసేవాళ్ళు తెలుగే మాట్లాడతారు. బరంపురం పట్టు నేసే వీధుల్లో తెలుగు ఉంది. గుణుపురం, పర్లాకిమిడి చుట్టూ దుక్కి దున్నే తెలుగు ఉంది. బజారులో వాళ్ళు కనబడరు, ఎందుకంటే ఆ వేళకు ఒకరు సముద్రం మీద, ఒకరు మగ్గం దగ్గర.

ఎవరైనా సర్వే చేస్తే ఊళ్ళను ముందు నాలుగు రకాలుగా విడగొట్టి, రకం రకంలోనూ చీటీలు తీయండి. ప్రశ్న ఒకటి కాదు, మూడు: ఇంట్లో అమ్మతో ఏ భాష, సంతలో ఏ భాష, చదివేది ఏ లిపి. చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడి ఒడియా లిపి మాత్రమే చదువుతారు. తెలుగు అక్షరాల్లో ఫారం పంపితే వాళ్ళు ఒక్కరూ రారు, లెక్కలో లేకుండాపోతారు. మన ఈ చర్చ చదువుతున్నవాళ్ళు కూడా తెలుగు లిపి వచ్చినవాళ్ళే. ఇక్కడ పదిమంది ఒప్పుకున్నారని "సరిహద్దు తెలుగువాళ్ళ అభిప్రాయం ఇది" అని ఎవరూ రాయకండి. నోటిమాటగా అడిగే మనిషిని పంపండి, వేటపల్లెలకు వేట నుంచి తిరిగొచ్చాక సాయంత్రం పంపండి.

మహేంద్రతనయ

చాలా పనికొచ్చింది. ఇంత విన్నాక ఒక వాక్యం రాసి చూస్తున్నాను, దిద్దండి: "మా బ్లాకు పిక్క బస్తాకు 21.6 కిలోల పప్పు ఇస్తుంది."

తర్కపాఠి

ఇందులో తడి కట్టెలన్నీ దాచేశారు.

లెక్కలపలక

ఎన్ని బస్తాలు, ఎన్ని తోటలు? ఒక్క కళ్ళం సరుకయితే "మా బ్లాకు" తీసేయండి.

పిక్కలబస్తా

ఇలా రాయండి మహేంద్రతనయ గారూ: "ఏప్రిల్ రెండో వారం, వానలకు ముందు ఏరిన అంటు తోట పిక్క, నాలుగు ఎండలు చూపాక, 60 బస్తాల్లో 6 గుచ్చి కోస్తే 80 కిలోలకు 21.6 కిలోలు." పొడుగ్గా ఉన్నా కొనేవాడికి ఎదురుగా పెట్టి బేరం చేయగలిగిన వాక్యం ఇది. పది బస్తాలకు లోపు ఉంటే ఎంచడం మాని అన్నీ గుచ్చండి. వాన పడ్డాక ఏరినవి వేరే బస్తాల్లో కట్టి, మూతి కుట్టే దారం రంగు మార్చండి. గోదాములో కలిసిపోతే ఇక విడదీయలేరు.